బీన్స్ నిల్వకి కుక్కర్ సరిపోతుందా, ప్రెషర్ కానర్ కొనాలా?

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటాం. పెరట్లో బీన్స్ విరగకాశాయి, ఫ్రీజర్ నిండిపోయింది. సీసాల్లో నిల్వ చేయడానికి ఇండియా నుంచి తెచ్చుకున్న 5 లీటర్ల కుక్కర్ చాలదా? ప్రెషర్ కానర్ (సీసాల్ని ఆవిరి ఒత్తిడితో వేడిచేసే పెద్ద పాత్ర) కొనాల్సిందేనా?

జవాబు 1: వద్దండీ. చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారిపోతుంది, టైము లెక్కలన్నీ పెద్ద కానర్‌కి వేసినవి, కనీసం నాలుగు క్వార్ట్ సీసాలు (ఒక్కోటి దాదాపు లీటరు) పట్టేది కొనండి. బీన్స్‌లో పులుపుండదు కాబట్టి బాట్యులిజం (ప్రాణాంతకమైన ఆహార విషం) కలిగించే బ్యాక్టీరియా బీజాలు మరిగే నీళ్లకి చావవు, 116 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లాల్సిందే.

జవాబు 2: డెన్వర్ ఎత్తు మర్చిపోకండి, ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ప్రెషర్ ఎక్కువ పెట్టాలి. వెయిట్ రకం కానరైతే (మూత మీది బరువుతో ప్రెషర్‌ని అదుపు చేసేది) 15 పౌండ్ల ప్రెషర్, పింట్ సీసాలకి (దాదాపు అర లీటరువి) 20 నిమిషాలు. వెయిట్ పెట్టేముందు 10 నిమిషాలు ఆవిరి ధారగా పోనివ్వండి. డయల్‌దైతే (ప్రెషర్‌ని ముల్లుతో చూపేది) ఏటా గేజ్ చెక్ చేయించాలి, అందుకే నా ఓటు వెయిట్‌కే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. అయ్యాక చన్నీళ్లు పోసి చల్లార్చొచ్చా?

జవాబు 1: అస్సలు వద్దు! ప్రెషర్ దానంతటదే దిగాలి, లేకపోతే సీసాల్లో నీళ్లు బయటికొచ్చేసి మూత సరిగ్గా బిగుసుకోదు.