ఫీడింగ్ రూమ్‌లో ఒక్కటే కుర్చీ ఉంటే ఎవరు ముందు?

బుజ్జిగాడి_అమ్మ:
మాల్స్‌లో, రైల్వే స్టేషన్లలో ఫీడింగ్ రూమ్ అంటే చాలాచోట్ల ఒక కుర్చీ, ఒక కర్టెన్, డైపర్ మార్చే బల్ల, అంతే. పాలిచ్చేవాళ్లు, పంపుతో పాలు తీసి పెట్టుకునేవాళ్లు ఒకేసారి వస్తే ఎవరు ఆగాలి? డైపర్ మార్చడానికి మావారు లోపలికి రావచ్చా?

ఊయల:
ఆకలితో ఏడుస్తున్న బిడ్డే ముందండీ. కానీ పంప్ చేసుకునేవాళ్లనీ ఎక్కువసేపు ఆపకూడదు. పాలు గడ్డకట్టి రొమ్ము వాస్తుంది, జ్వరం కూడా వస్తుంది. రెండువైపులా ఒకేసారి తీసే పంపుకైతే 15-20 నిమిషాలు చాలు. నెలల పిల్లలు తాగడానికి 20 నుంచి 40 నిమిషాలు పట్టొచ్చు. తలుపు ఒక్కసారి కొట్టి, "ఇంకెంతసేపు పడుతుందండీ?" అని అడిగి బయట ఆగండి. మాటిమాటికీ కొడితే తల్లి కంగారుపడుతుంది, ఆ కంగారుకి పాలు సరిగ్గా చేపవు. తాగడం అయ్యాక బయటికొచ్చి బిడ్డను భుజాన వేసుకుని తేన్పు తెప్పించొచ్చు, కుర్చీ ఖాళీ అవుతుంది.

మీవారి సంగతి: కుర్చీకి కర్టెన్ ఉండి, బల్ల దానికి ఇవతల ఉంటే లోపలున్నవాళ్లని అడిగి రావచ్చు. అడ్డు లేకపోతే మాత్రం గది ఖాళీ అయ్యేదాకా ఆగాలి. వీడియో కాల్‌తో ఎవరూ లోపలికి రావద్దు, ఆడవాళ్లైనా సరే.

పిల్లలవార్డు_నర్స్:
బల్ల గురించి నేను చెప్తాను. కొత్త డైపర్, వైప్స్, కవర్ ముందే తీసి పెట్టుకుని, మీ సొంత షీట్ పరిచి బిడ్డను పడుకోబెట్టండి. ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండాలి, బెల్టు ఉన్నా సరే. పడిపోయేది వైప్స్ కోసం బ్యాగులోకి వంగినప్పుడే. మోషన్ టాయిలెట్‌లో వేసి, డైపర్‌ను లోపలికి చుట్టి, దాని పట్టీలతోనే బిగించి, న్యూస్‌పేపర్లో కట్టండి. ఘనవ్యర్థాల 2016 నిబంధనలు కూడా చుట్టి పడేయాలనే చెప్పాయి. గదిలో బుట్టకు మూత లేకపోతే బయట పెద్ద డబ్బాలో వేయండి, తర్వాత వచ్చే తల్లి ఆ వాసనలో కూర్చుని పాలివ్వాలి కదా. కమోడ్‌లో అసలు వద్దు, లోపలి జెల్ ఉబ్బి పైపు మూసుకుపోతుంది.

చేతులకు సబ్బు, 20 సెకన్లు. మురికి చేతుల మీద శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. పంపు భాగాలు ఆ సింకులో పెట్టి కడగొద్దు, డైపర్ మార్చిన చేతులు కడిగేదీ అందులోనే. చిన్న గిన్నె వెంట తెచ్చుకోండి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు 4 గంటలే బాగుంటాయి. మన ఎండల్లో ఐస్ ప్యాకుల బ్యాగు తప్పనిసరి.

బుజ్జిగాడి_అమ్మ:
చాలా థాంక్సండీ. స్టేషన్లో గదికి తాళం వేసి ఉంటే?

ఊయల:
స్టేషన్ మేనేజర్ని అడగండి. తీయకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫిర్యాదు చేయొచ్చు.