సైలెన్సర్ కొనాలంటే ట్రస్టు పెట్టాలా, సొంత పేరు చాలదా?

పత్తిచేను:
డాలస్‌కు గంటన్నర దూరంలో ఒక మిత్రుడి పొలం ఉంది. అడవి పందులు రాత్రికి రాత్రే మొక్కజొన్నంతా పెళ్లగించి పోతున్నాయి. శనివారాలు నేను, మా బావమరిది వెళ్లి కాపలా కాస్తుంటాం. నా చెవుల్లో హోరు మొదలైంది. డాక్టరు మందలించాక రైఫిలుకు చప్పుడు తగ్గించే సైలెన్సర్ బిగించుకుందామని దుకాణానికి వెళ్లాను. అక్కడ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "మీ పేరు మీదా, ట్రస్టు పేరు మీదా?" నాకు తెలిసిన ట్రస్టులు రెండే, గుడి ట్రస్టు, కాలేజీ ట్రస్టు. తుపాకి సామానుకు ట్రస్టు ఎందుకో బోధపడలేదు. నేను ఈ దేశ పౌరుణ్ణి, మా ఆవిడకు గ్రీన్ కార్డు ఉంది. బావమరిది హెచ్-1బి మీద వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఏ దారి మంచిదో తెలిసినవారు చెప్పండి.

లెక్కలపుస్తకం:
సొంత పేరు మీద తీసుకోండి, అయిపోతుంది. ట్రస్టు అంటే పత్రం రాసుకుని సామానును ట్రస్టీల చేతిలో పెట్టడం, వాళ్లలో ఎవరైనా దాన్ని దగ్గర ఉంచుకోవచ్చు. అది ఒకప్పటి అవసరం. సైలెన్సర్లు, పొట్టి గొట్టం రైఫిళ్లు, మెషిన్ గన్నులు 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం కిందికి వస్తాయి, అంటే ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించి, అనుమతి వచ్చాకే తీసుకోవాలి. సొంత పేరు మీద కావాలంటే ఊరి పోలీసు అధికారి సంతకం తప్పనిసరిగా ఉండేది. ఆయన సంతకం పెట్టనంటే అంతే సంగతులు. ట్రస్టుకైతే ఆ సంతకం అక్కరలేదు, వేలిముద్రలు, ఫొటోలు కూడా అడిగేవారు కాదు. అందుకే జనం ఎగబడ్డారు. 2016 జులై 13 నుంచి ఆ తేడా పోయింది. పోలీసు అధికారి సంతకం ఎవరికీ అక్కరలేదు, ఆయనకు ఒక ప్రతి పంపితే చాలు. ట్రస్టులో బాధ్యత ఉన్న ప్రతి ఒక్కరూ మాత్రం వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. ఒక్కరితో పోయే పనికి ఇంటిల్లిపాదినీ వేలిముద్రలకు తిప్పడం దేనికి?

మబ్బుతునక:
లెక్కలపుస్తకం గారూ, చరిత్ర సరిగ్గానే చెప్పారు, ఇంటి సంగతి మాత్రం వదిలేశారు. సొంత పేరు మీద ఉన్న సైలెన్సర్ ఆ ఒక్క మనిషి స్వాధీనంలోనే ఉండాలి. ఆయన పక్కన నిలబడి ఉండగా భార్య రెండు గుళ్లు పేలిస్తే ఎవరూ తప్పు పట్టరు. ఆయన ఆఫీసు పని మీద వారం రోజులు సియాటిల్ వెళ్లాడనుకోండి. ఇనప్పెట్టె తాళం ఆమె దగ్గర ఉంది. చట్టంలో స్వాధీనం అంటే చేత్తో పట్టుకోవడం ఒక్కటే కాదు, కావాలంటే తీసుకోగలిగేలా ఉన్నా స్వాధీనమే అనవచ్చు. రిజిస్టరు కాని మనిషి దగ్గర అది ఉంటే పదేళ్ల వరకు జైలు. ఆమెను ట్రస్టీగా చేర్చుకుంటే ఈ తలనొప్పే లేదు.

లెక్కలపుస్తకం:
ఆ భయం చూపించే ట్రస్టు కాగితాలు అమ్ముకుంటున్నారు. తాళం ఆయన జేబులో పెట్టుకుని వెళితే సరిపోదా? ఇంకో మాట. 1934 నుంచి కదలకుండా కూర్చున్న 200 డాలర్ల పన్ను, 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకు సున్నా అయింది. పొట్టి గొట్టాల వాటికీ అంతే, మెషిన్ గన్నులకు మాత్రం పాత పన్నే. రిజిస్ట్రేషను అందరికీ అలాగే ఉంది. ఇంతకుముందు సొంత పేరు నుంచి ట్రస్టుకు మార్చాలంటే మళ్లీ 200 కట్టాలి కాబట్టి మొదటే ట్రస్టు పెట్టడంలో అర్థం ఉండేది. ఇప్పుడు ఈరోజు సొంత పేరు మీద తీసుకుని, రేపు బుద్ధి పుడితే మార్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

నల్లకోటు:
నేను హ్యూస్టన్‌లో వీలునామాలు రాసే వకీలును, తుపాకుల కేసులు వాదించేదాన్ని కాదు. "రేపు మార్చుకోవచ్చు" అన్నవారి కాగితాలు నా బల్ల మీదికి వాళ్లు పోయిన తర్వాతే వస్తాయి. లెక్కలపుస్తకం గారు ఆ రోజు సంగతి కూడా ఆలోచించాలి.

సొంత పేరు మీద ఉంటే, యజమాని పోయాక వీలునామా అమలు చేసేవారు కోర్టు వ్యవహారం నడిచినంతకాలం దాన్ని భద్రంగా ఉంచి, అది ముగిసేలోగా ఫారం 5 అనే బదిలీ దరఖాస్తు ద్వారా వారసులకు మార్పించాలి. దానికి ఎప్పుడూ పన్ను లేదు. అయితే వీలునామా కోర్టుకెక్కితే ఎవరైనా చూడగలిగే దస్తావేజు అవుతుంది. ట్రస్టు అయితే పెట్టినవారు పోయినా ట్రస్టు బతికే ఉంటుంది, తర్వాతి ట్రస్టీ తాళం అందుకుంటారు. లబ్ధిదారుకు సొంతంగా ఇచ్చేటప్పుడు అప్పుడూ ఫారం 5 కావాల్సిందే. ట్రస్టు పెడితే కాగితాలే ఉండవనుకోవడం భ్రమ.

మామూలు కుటుంబ ట్రస్టులో ఇల్లు, బ్యాంకు ఖాతాలతో పాటు దీన్నీ పడేయడం ఇంకా ప్రమాదం. ఇల్లు ఎవరికి రాసిచ్చినా నేరం కాదు. ఇది పుచ్చుకోకూడని మనిషికి ఇస్తే, ఇచ్చిన ట్రస్టీ కూడా ఇరుక్కుంటారు.

పత్తిచేను గారూ, మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. బావమరిది. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గాని తూటా గాని దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అందులో మనవాళ్లకు పనికొచ్చేది ఒకటే, ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఆయన దగ్గర ఉందా?

పత్తిచేను:
లేదమ్మా. ప్రైవేటు పొలంలో, యజమాని సరే అంటే అడవి పందులకు లైసెన్సు అక్కరలేదని టెక్సస్‌లో 2019 నుంచి ఉంది కదా. అందుకే ఇద్దరం తీసుకోలేదు.

నల్లకోటు:
పందిని కొట్టడానికి రాష్ట్రం లైసెన్సు అడగదు. ఆయన తుపాకి పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం అడుగుతుంది. రెండూ వేరు. మీ పేరున సైలెన్సర్ లేకపోయినా, ఇప్పుడున్న మామూలు రైఫిలుతోనే ఈ చిక్కు ఉంది. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. తుపాకి నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కావచ్చు. ట్రస్టీగా ఆయన పేరు రాసినంత మాత్రాన ఈ నిషేధం ఎగిరిపోదు. మీ ఆవిడకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆమెకు ఇది వర్తించదు.

మబ్బుతునక:
మరి అనుమతి వచ్చాక ట్రస్టీని చేర్చుకుంటే? అప్పుడు వేలిముద్రలు పంపనక్కరలేదని చాలామంది చెబుతారు.

నల్లకోటు:
పంపాలని 2016 నిబంధనలో లేదు, నిజమే. మళ్లీ ఇంకో సామాను కొన్నప్పుడు ఆ కొత్త ట్రస్టీ కూడా ఇవ్వాల్సిందే. పంపనక్కరలేదు అంటే పట్టుకోవచ్చు అని కాదు. పెళ్లిలో పిలుపుల జాబితా ఎవరూ తనిఖీ చేయరని దొంగను లోపలికి తీసుకెళ్తామా?

ఈదురుగాలి:
వకీలు గారి ముందు నా సొంత తెలివి గురించి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంటర్నెట్‌లో చవకగా దొరికిన ట్రస్టు నమూనా కొని, ఖాళీలు నింపి, దరఖాస్తు పెట్టాను. తిరిగొచ్చింది. ట్రస్టు పత్రంలో ఇంటిపేరు ముందు, ఫారంలో చివర! పాస్‌పోర్టులో మా ఇంటిపేరు ఒక పొడి అక్షరం. అదీగాక ట్రస్టు పత్రంలో ఒకచోట నేనెప్పుడూ అడుగుపెట్టని రాష్ట్రం చట్టం వర్తిస్తుందని అచ్చయి ఉంది. నేను చదవకుండానే సంతకం పెట్టాను. రెండోసారి వకీలు చేత రాయించాను. మా ఆవిడ, నేను చెరో రెండు వేలిముద్రల కార్డులు, చెరో పాస్‌పోర్టు సైజు ఫొటో. గిన్నెలు తోమి తోమి ఆమె వేళ్ల గీతలు సరిగ్గా పడక మూడుసార్లు తీయించాల్సి వచ్చింది. గిన్నెలు తోమే వంతు అప్పటి నుంచి నాది.

ఎడిసన్‌లో ఒకడు:
నా కథ వేరు. ఆస్టిన్‌లో ఉన్నప్పుడు ట్రస్టు పేరున కొన్నాను, నా మిత్రుడు తోటి ట్రస్టీ. తర్వాత ఉద్యోగం న్యూజెర్సీకి మారింది. ఇక్కడ మనలాంటివారు సైలెన్సర్ ఉంచుకోవడం నేరం. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్‌లలోనూ అంతే. మనవాళ్ల ఉద్యోగాలన్నీ ఎక్కడున్నాయో చూసుకోండి! ట్రస్టు ఉంది కదా అని వెంట తెచ్చుకుంటే జైలే. అది ఆస్టిన్‌లో మిత్రుడి ఇంట్లో ఉంది, ఆయన ట్రస్టీ కాబట్టి దర్జాగా వాడుకుంటున్నాడు. నా ఒక్కడి పేరున ఉంటే అమ్ముకోవడమో, నేను తప్ప ఎవరూ తెరవలేని లాకరు వెతుక్కోవడమో చేయాల్సి వచ్చేది. ట్రస్టు నాకు పనికొచ్చింది ఇందుకే.

నీలిపావురం:
అడగాలా వద్దా అనుకుంటూనే అడుగుతున్నాను. మా తాతగారికి ఊళ్లో లైసెన్సు తుపాకి ఉండేది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. అంత భయభక్తులతో పెరిగినవాళ్లం ఇక్కడికొచ్చి ట్రస్టులు పెట్టి మరీ ఇవి ఎందుకు కొనాలి?

లెక్కలపుస్తకం:
నీలిపావురం గారూ, సైలెన్సర్ బిగిస్తే సినిమాల్లో చూపించినట్టు చప్పుడే లేకుండా పోదు. చెవులకు తగిలే దెబ్బ తగ్గుతుంది, అంతే. పైగా ఈ చట్టాన్ని 1937లో సుప్రీంకోర్టు నిలబెట్టింది పన్ను వేసే అధికారం మీదనే. పన్నే సున్నా అయ్యాక రిజిస్ట్రేషను ఎలా నిలబడుతుందని ఇప్పుడు కోర్టుల్లో దావాలు పడ్డాయి. అవి తేలితే ఈ ట్రస్టు గొడవ మొత్తం అక్కరలేకపోవచ్చు.

నల్లకోటు:
తేలేవరకు చట్టం చట్టమే. గెలుస్తామన్న నమ్మకంతో ముందే రిజిస్ట్రేషను మానేసినవారి కేసు నా దగ్గరికి తేవద్దు.

ఇక నా అభిప్రాయం అడిగితే, ఒంటరిగా ఉండేవారికి సొంత పేరు చాలు, ఇక్కడ లెక్కలపుస్తకం గారితో నాకు పేచీ లేదు. ఇంట్లో ఇంకొకరు తాళం తీయాల్సి వస్తే ట్రస్టు పెట్టుకోండి. పత్తిచేను గారి ఇంట్లో మాత్రం ముందు తేలాల్సింది ఎవరి పేరున అన్నది కాదు, ఇనప్పెట్టె ఎవరెవరికి తెరుచుకుంటుంది అన్నది.

పత్తిచేను:
మాది వేలిముద్రతో తెరుచుకునే పెట్టె. రాత్రి దించి చూశాను. అందులో నాలుగు వేళ్లు నమోదై ఉన్నాయి. రెండు నావి, ఒకటి మా ఆవిడది, నాలుగోది బావమరిది కుడిచేతి బొటనవేలు. కిందటి దసరాకు మేం ఊరికి వెళ్తూ, ఇల్లు చూసుకుంటాడని నేనే పెట్టించాను. ఇప్పుడే తీసేశాను. అతను భోజనం చేస్తుంటే సంగతి చెప్పాను. "అంటే ఇన్ని శనివారాలు..." అని ఆగిపోయాడు, అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సోమవారం ఇద్దరం వకీలు దగ్గరికి వెళ్తున్నాం, ట్రస్టు గురించి తర్వాత, ముందు అతని గురించి. ఈ శనివారం పందుల కాపలాకు నేనొక్కణ్ణే.