గోవా 70.3కి సిద్ధమవుతున్నాను: సముద్రంలో ఈత, కటాఫ్, బైక్ గురించి సందేహాలు

ప్రశ్న (బరంపురం నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 39, బ్యాంకు ఉద్యోగం. హాఫ్ మారథాన్ రెండుంపావు గంటల్లో పూర్తి చేస్తాను. ఆదివారాలు దిగపహండి దాకా సైకిల్ తొక్కి వస్తాను. ఈత మాత్రం పెద్దయ్యాక నేర్చుకున్నాను. 25 మీటర్ల పూల్‌లో ఆగకుండా కిలోమీటరు ఈదగలను, సముద్రంలో ఎప్పుడూ ఈదలేదు. గోవా 70.3 అనే ట్రయథ్లాన్ రేసు (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి) చేయాలని గట్టిగా ఉంది. 1.9 కిలోమీటర్ల ఈత, వెంటనే 90 కిలోమీటర్ల సైకిల్, ఆ పైన 21.1 కిలోమీటర్ల పరుగు. నా దగ్గర మామూలు రోడ్ బైక్ ఉంది. అప్పు చేసైనా ట్రయథ్లాన్ బైక్ కొనాలా? సముద్రంలో ఈత ఎక్కడ అలవాటు చేసుకోవాలి? కటాఫ్, అంటే పూర్తి చేయాల్సిన గడువు, తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు (పర్లాకిమిడి నుంచి)

నమస్తే అండీ. బైక్ కొనకండి. ఆ డబ్బులో కొంచెం పెట్టి మీ సైకిల్ సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం మీ ఒంటికి సరిగ్గా కుదిరేలా తెలిసినవాళ్ల చేత సరిచేయించుకోండి. మూడున్నర గంటలు కూర్చున్నాక నడుము పట్టేస్తే ఎంత ఖరీదైన బైక్ అయినా పరుగులో అక్కరకు రాదు.

కటాఫ్ సంగతి లెక్క వేసి చూద్దాం. ఈ రేసుల్లో మామూలుగా ఈతకు 1 గంట 10 నిమిషాలు, మొత్తానికి 8 గంటల 30 నిమిషాలు ఇస్తారు. సైకిల్‌కు మధ్యలో వేరే గడువు ఉంటుంది. ఆ ఏడాది అథ్లెట్ గైడ్‌లో మూడూ చూసుకోండి. ఇప్పుడు మీ సంగతి. ఈత గంట, బట్టలు మార్చుకుని సైకిల్ ఎక్కడానికి 8 నిమిషాలు. గంటకు 25 కిలోమీటర్ల చొప్పున సైకిల్ 3 గంటల 36 నిమిషాలు, దిగి బూట్లు మార్చుకోవడానికి 5. పరుగు కిలోమీటరుకు 8 నిమిషాల లెక్కన 2 గంటల 49 నిమిషాలు. అన్నీ కలిపితే 7 గంటల 38 నిమిషాలు. హాఫ్ మారథాన్ రెండుంపావులో చేసే మనిషికి కిలోమీటరుకు 8 నిమిషాలంటే చాలా నెమ్మది, అయినా ఇంకా యాభై నిమిషాలు చేతిలో ఉన్నాయి. కాబట్టి మీ భయం అంతా ఈత మీదే పెట్టుకోవచ్చు, అది న్యాయమైన భయమే.

గంటా పది నిమిషాల్లో 1.9 కిలోమీటర్లంటే ప్రతి 100 మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు. పూల్‌లో మీరు ఇంతకంటే వేగంగానే ఈదుతుండవచ్చు. కానీ పూల్‌లో ప్రతి 25 మీటర్లకు గోడ దొరుకుతుంది, దాన్ని తన్నుకుని ముందుకు జారతాం. సముద్రంలో గోడ లేదు, అడుగున గీత లేదు, పక్కవాళ్ల చేతులు తగులుతుంటాయి, సూటిగా పోకపోతే 1.9 కాస్తా 2.2 అవుతుంది. అందుకే పూల్‌లో ఆగకుండా రెండున్నర కిలోమీటర్లు ఈదే స్థాయికి రండి. ప్రతి ఆరేడు చేతులకోసారి మొసలిలా కళ్లు మాత్రం నీటి పైకి తెచ్చి ఎదుటి గుర్తు చూసి మళ్లీ ముఖం దించడం ఇప్పటినుంచే చేయండి. తల మొత్తం ఎత్తితే కాళ్లు మునుగుతాయి, అలుపు రెట్టింపవుతుంది.

ఇంకో మాట తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఊపిరి అందకపోతే కాపలా పడవను పట్టుకుని ఎంతసేపైనా ఆగవచ్చు. అది పట్టుకుని ముందుకు జరగకూడదు, అంతే. కంగారు వస్తే వెల్లకిలా తేలండి, ఊపిరి బయటికి పూర్తిగా వదలండి, మళ్లీ మొదలుపెట్టండి.

జవాబు (గోపాలపూర్ నుంచి)

సముద్రం గురించి నేను చెబుతాను, రోజూ చూసేవాణ్ణి. గోపాలపూర్ ఒడ్డు గోవా ఒడ్డులాంటిది కాదు. ఇక్కడ అల ఒడ్డునే విరిగి మనిషిని ఇసుకలో పడేస్తుంది, పక్కనే నీటిని లోపలికి లాగే పాయలు ఉంటాయి. ఒంటరిగా దిగవద్దు. బీచ్‌లో నోలియాలు ఉంటారు, మన తెలుగు మాట్లాడే జాలర్లే. ఏ రోజు నీళ్లు బాగున్నాయో, ఏ పక్క లాగుతోందో వాళ్లకు చూడగానే తెలుస్తుంది. వాళ్లలో ఒకరిని మాట్లాడుకుని, డబ్బు ఇచ్చి, పక్కనే తెప్ప మీద రమ్మనండి. నడుముకు కట్టుకునే నారింజ రంగు తేలే బెలూన్ తప్పనిసరి.

లోపలికి లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ నుంచి బయటపడతారు, అప్పుడు ఒడ్డుకు తిరగవచ్చు. చలికాలంలో అలలు తగ్గుతాయి, మొదటిసారి దిగడానికి అదే మంచి కాలం. వర్షాకాలంలో సముద్రం మాట మరచిపోండి. అక్టోబరు అసలు నమ్మకూడదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ ఆ నెలలోనే మన తీరం మీద పడ్డాయి. మిగతా రోజుల్లో పూల్‌లోనే గోడను తాకకుండా తిరగడం అలవాటు చేసుకోండి.

జవాబు (పర్లాకిమిడి నుంచి)

గోపాలపూర్ అన్నయ్య చెప్పింది అక్షరాలా పాటించండి. నేను ఇంకొకటి గమనించాను. మీ ప్రశ్నలో ఈత ఉంది, బైక్ ఉంది, కటాఫ్ ఉంది, తిండి మాటే లేదు. ఈ దూరంలో చాలామంది తడబడేది దాని దగ్గరే. ఏడెనిమిది గంటల పనికి ఒంట్లో ఉన్న నిల్వ చాలదు. సైకిల్ మీద ఉన్నంతసేపూ గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. పరుగులో కడుపు కుదుపులకు ఏదీ ఒప్పుకోదు, అందుకే తినే చోటు సైకిలే.

రేసుల్లో శక్తి కోసం మింగే తీపి జెల్‌లు ఖరీదు అనుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 45 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, నిమ్మరసం. గంటకు ఒక బాటిల్, దాంతోపాటు సగం అరటిపండు. దాదాపు సరిపోతుంది. పంచదార ఉప్పు కలిపిన పొడి చిన్న పొట్లాలుగా జేబులో పెట్టుకుంటే దారిలో ఇచ్చే నీళ్లలో కలుపుకోవచ్చు. ఆకలి వేసేదాకా ఆగకండి, వాచీలో ప్రతి 15 నిమిషాలకు అలారం పెట్టుకోండి. రేసు రోజున కొత్తది ఏదీ నోట పెట్టకూడదు. ఏది పడుతుందో ఆదివారం రైడ్లలోనే తేల్చుకోండి.

ఆ రైడ్ దిగపహండితో ఆపకుండా తప్తపాణి దాకా పొడిగించండి. అక్కడికి రమారమి 50 కిలోమీటర్లు, చివర ఘాట్ ఎక్కుడు ఉంది. గోవా దారిలోనూ ఎత్తుపల్లాలు ఉన్నాయి. ఎక్కుడులో పక్కవాడితో రెండు మాటలు మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కండి. ఎవరు దాటిపోయినా పోనివ్వండి. ఇంటికి రాగానే సైకిల్ గోడకు ఆనించి బూట్లు మార్చి 20 నిమిషాలు పరిగెత్తండి. మొదట కాళ్లు మనవి కానట్టే ఉంటాయి, కొన్ని వారాలకు కుదురుకుంటాయి.

జవాబు (రాయగడ నుంచి)

నేను నర్సుగా పనిచేస్తున్నాను. మూడు మాటలు. మొదటిది, 39 ఏళ్లకు మొదలుపెడుతున్నారు కాబట్టి ముందుగా డాక్టర్‌కు చూపించుకుని ఈసీజీ, బీపీ, షుగర్ చూసుకోండి. రెండోది, దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణానికే ముప్పు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి ఉప్పు లోటు వాటితో తీరదు. మూడోది, పరుగులో మోకాలు నొప్పి అని ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు మింగకండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. తల తిరగడం, ఎండలో చలిగా అనిపించడం, మాట తడబడటం వస్తే వెంటనే ఆగి మెడికల్ టెంట్‌కు వెళ్లండి. మీ ఇంట్లో వాళ్లకు కూడా ఈ లక్షణాలు చెప్పి ఉంచండి.

ప్రశ్న (బరంపురం నుంచి)

అందరికీ చాలా థాంక్స్. బైక్ ఆలోచన మానేశాను. అక్కా, ఈసీజీ ఈ వారమే తీయించుకుంటాను. ఇంకో రెండు సందేహాలు. రేసు పొద్దున ఏం తినాలి? నాకు తరవాణి అన్నం అలవాటు. సైకిల్ గోవాకు ఎలా తీసుకెళ్లాలి?

జవాబు (పర్లాకిమిడి నుంచి)

తరవాణి అన్నం మీకు పడితే మానొద్దు, కానీ ఈతకు మూడు గంటల ముందే తినేయండి. పెరుగు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఆ రోజుకు వద్దు.

రేసులో పంక్చర్ అయితే మీరే వేసుకోవాలి, బయటివాళ్ల సాయం తీసుకుంటే రేసు నుంచి తీసేస్తారు. మన ఊళ్ల షాపుల్లో 700 సైజు సన్నపు ట్యూబులు అడిగిన రోజున దొరకవు. ముందే తెప్పించి రెండు పెట్టుకోండి, ఇంట్లో వెనక చక్రం విప్పి బిగించడం చేతికి అలవాటు చేసుకోండి. హెల్మెట్ బకిల్ పెట్టాకే స్టాండ్ నుంచి సైకిల్ తీయాలి, ముందువాడి వెనక 12 మీటర్ల ఎడం ఉండాలి. ఈ రెండూ తెలియక పెనాల్టీ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు.

ప్రయాణానికి అమరావతి ఎక్స్‌ప్రెస్ చూడండి, బరంపురం మీదుగానే వాస్కోకు వెళుతుంది. రోజూ ఉండదు, అందుకని అది నడిచే రోజులు చూసుకుని 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరవగానే టికెట్ చేయండి. చక్రాలు, పెడల్స్ విప్పి పెట్టెలో సర్ది, పార్సెల్ ఆఫీసులో ముందు రోజే అడిగి బుక్ చేయించండి. సైకిల్ అప్పగించాల్సింది రేసుకు ముందు రోజు, కాబట్టి రెండు రోజుల ముందు దిగేలా చూసుకోండి. బిగించాక గేర్లు, బ్రేకులు ఒక పది కిలోమీటర్లు తొక్కి చూడటానికి ఆ రోజు కావాలి.