మాకింగ్‌బర్డ్ అంటే టామ్ రాబిన్సన్ ఒక్కడేనా?

ప్రశ్న (విజయనగరం, ఎం.ఏ. ఇంగ్లిష్)
హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960) మీద తెలుగులో సెమినార్ ఇవ్వాలి. గైడులన్నీ ‘పిట్ట అంటే టామ్’ (తెల్లమ్మాయిని చెరిచాడని తప్పుడు కేసులో ఇరుక్కున్న నల్లజాతి మనిషి) అని ఒక్క ముక్కలో తేల్చేశాయి. మరి ఇల్లు కదలని పొరుగువాడు బూ రాడ్లీ సంగతేటి? పిచ్చికుక్కను కాల్చే సన్నివేశం కథకెందుకు? పిట్టని కోకిల అనొచ్చా?

జవాబు (శ్రీకాకుళం)
కోకిల అనొద్దు బాబూ. కోకిల కాకిగూట్లో గుడ్లు పెట్టి పిల్లల్ని కాకిచేత పెంచిస్తుంది. 10వ అధ్యాయంలో, కథ చెప్పే పిల్ల స్కౌట్‌కి ఎదురింటి మిస్ మాడీ చెప్పేది దానికి పూర్తిగా ఎదురు: ఈ పిట్ట తోటలు పాడుచేయదు, మొక్కజొన్న గాదెల్లో గూడు పెట్టదు, మనకోసం పాడుతుందంతే. మాకింగ్‌బర్డ్ అనే ఉంచండి.

బూ విషయంలో అనుమానమే అక్కర్లేదు. 30వ అధ్యాయంలో, పిల్లల్ని కాపాడిన అతణ్ణి నలుగురిలోకి లాగడం మాకింగ్‌బర్డ్‌ని కాల్చినట్టే అని స్కౌట్ తండ్రితో అంటుంది. టామ్ చనిపోయాక, 25లో, పత్రికాయన అండర్‌వుడ్ ఆ చావుని పాటపిట్టల్ని చంపడంతో పోలుస్తాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

జవాబు (విజయనగరం)
కుక్క సన్నివేశాన్ని తీర్పుతో కలిపి చదవాలి. 10లో ఫిబ్రవరి నెల, వీధంతా ఖాళీ, స్కౌట్ తండ్రి, టామ్ తరఫు లాయరు అయిన అట్టికస్ ఒక్క గుండుతో కుక్కని పడగొడతాడు. 21లో జ్యూరీ కోసం ఎదురుచూస్తుంటే స్కౌట్‌కి కోర్టు హాలు చలి ఫిబ్రవరి ఉదయంలా, మాకింగ్‌బర్డ్స్ మూగబోయినట్టు అనిపిస్తుంది. తండ్రి మళ్లీ తుపాకీ ఎత్తినట్టే ఉంటుంది, కానీ అందులో గుండు లేదని ఆమెకి తెలుసు. కుక్కకి సరిపోయిన నేర్పు తెల్లవాళ్ల జ్యూరీ ముందు పనిచేయలేదు. ‘కుక్క అంటే జాతివివక్ష’ అని మాత్రమే రాస్తే ఈ ముడి జారిపోతుంది.

అలాగే ఎడమచెయ్యి. టామ్ మీద నింద వేసిన తెల్లమ్మాయి మేయెల్లాకి దెబ్బలు ముఖం కుడివైపున తగిలాయి, అంటే ఎదురుగా నిలబడి కొట్టినవాడు ఎడమచేతివాటం మనిషై ఉండాలి. కోర్టులో సంతకం పెట్టించేసరికి ఆమె తండ్రి బాబ్ యూవెల్‌ది ఎడమచేతివాటమని బయటపడింది. టామ్ ఎడమచెయ్యేమో చిన్నప్పుడు కాటన్ జిన్‌లో పడి 12 అంగుళాలు పొట్టి అయిపోయింది. ఇంత కళ్లెదుట ఉన్నా శిక్ష వేశారు! నవల మొదటి పేజీలోనే స్కౌట్ అన్న జెమ్ ఎడమచెయ్యి కాస్త పొట్టి అని ఉంటుంది. దాన్ని విరిచింది కూడా ఆ యూవెలే.

ప్రశ్న అడిగినవారు
ఆ పోలిక తట్టనే లేదండి. కాటన్ జిన్ అంటే దూది ఏకేదేనా?

జవాబు (విజయనగరం)
కాదండి. పొందూరులో వాలుగ చేప దవడతో ఏకే పనిలాంటిది కాదు. పత్తి నుంచి గింజని వేరుచేసే యంత్రం. రంపపు పళ్లు తిరుగుతుంటాయి, చెయ్యి పడితే కండ ఊడొచ్చేస్తుంది.

జవాబు (శ్రీకాకుళం)
ఒక్క హెచ్చరిక. టామ్‌ని ఉత్త పిట్టని చేసేస్తే మనిషి మాయమవుతాడు. 19లో మేయెల్లాని చూసి జాలిపడ్డానని అతను అన్నప్పుడు ప్రాసిక్యూటర్ ఆ మాటనే పట్టుకుంటాడు: నల్లవాడు తెల్లమనిషి మీద జాలిపడటమా అని. టామ్‌ని ముంచింది అతని మంచితనమే, అతను తన నోటితో చెప్పిన మాటే.

‘మాలపల్లి’ (1922)తో పోల్చేవాళ్లు కథ ఎవరింట్లో నడుస్తుందో చూడాలి. అక్కడ దళితుడైన రామదాసు ఇల్లే కేంద్రం. ఇక్కడ టామ్ వాళ్ల పేట ఊరి చెత్తకుప్పా, యూవెల్ ఇల్లూ దాటాక ఇంకో 500 గజాల అవతల. ఆ దూరం నుంచి స్కౌట్‌కి ఎంత కనిపిస్తే మనకీ అంతే తెలుస్తుంది.