అప్‌డేట్: చిత్తూరు నేలలో నాటిన హేజల్‌నట్ మొక్కలు
చిత్తూరు దగ్గర మా మామిడి తోట పక్కన హేజల్‌నట్ (చాక్లెట్లలో వేసే గింజ) పండుతుందా అని రెండేళ్ల క్రితం అడిగాను. అప్పుడు నాటిన ఆరు మొక్కలలో నాలుగు మొదటి వేసవికే ఎండిపోగా, మిగిలిన రెండు ఆకులు వేస్తున్నాయే తప్ప పూతకు రాలేదు. కారణం ఇప్పుడు అర్థమైంది. చలికాలంలో పూసే ఈ చెట్టులో, తోకల్లా వేలాడే మగపూల పుప్పొడిని గాలి మోసుకుపోయి చిన్న ఎర్రటి ఆడపూలకు చేరుస్తుంది. అయితే ఆ మొగ్గలు విచ్చుకోవాలంటే అంతకుముందు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలపాటు తగలాలి. హేజల్‌నట్ విరివిగా పండే టర్కీలోని నల్లసముద్ర తీరానికి ఉన్న ఆ చలి మన మామిడి నేలకు లేదు. పైగా పుప్పొడికి వేరే రకం చెట్టు దగ్గరలో ఉండాలి, నాకు అమ్మినవన్నీ ఒకే రకం. బతికిన రెండింటినీ పెరికివేయడానికి మనసొప్పలేదు. మిగతా చోట తొలకరికి సీతాఫలం నాటాను.