లోన్ ఉన్న ఫ్లాట్ అమ్మకం: అగ్రిమెంట్‌లో ఏ షరతులు రాయించాలి?

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో ఫ్లాట్ అమ్ముతున్నాం. దాని మీద హోమ్ లోన్ ఇంకా ఉంది, కొనేవాళ్లూ బ్యాంకు లోన్‌తోనే తీసుకుంటున్నారు. చిక్కంతా ఇక్కడే. బాకీ తీరితేగానీ మా బ్యాంకు ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వదు, అవి చేతికి రాకుండా పూర్తి డబ్బు వదలడానికి వాళ్ల బ్యాంకు వెనకాడుతోంది. బాకీ మేరకు చెక్కు నేరుగా మా బ్యాంకు పేరున ఇప్పించడం ఒక దారి. కానీ లోన్ తీరాక కూడా కాగితాలు ఇవ్వడానికి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకుకు 30 రోజుల గడువుంది. ఈసీలో (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తనఖా కనబడుతుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని విడుదల కూడా నమోదు చేయించాలి.

ఈలోగా కొనేవాళ్లు వెనక్కి తగ్గితే? మా బాకీకి కట్టిన డబ్బు ఎప్పటిలోగా, ఎలా తిరిగివ్వాలి? వాళ్ల లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్స్ మేం పూర్తిగా తిరిగివ్వాలా, కొంత కోసుకోవచ్చా? మీరు రాయించిన షరతు ఉంటే, పేర్లు తీసేసి, ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. లాయరు దగ్గరికి అది పట్టుకెళ్తాం.

పన్ను సంగతి తెలుసు: ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మాకిచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను) కట్టాలి, మా పాన్ నంబరు తప్పు పడితే అది మా లెక్కలోకి రాదు. అడ్వాన్స్ మొత్తం బ్యాంకు ద్వారానే. రాతలో ధర తగ్గించి చూపే సలహాలు మాత్రం దయచేసి వద్దు.