పిల్లలు చేతులతో ఆడి నేర్చుకునే మ్యూజియంలో పెద్దవాళ్లు ఏం చేయాలి?

ప్రశ్న

గత వారం మా తొమ్మిదేళ్ల అమ్మాయిని, నాలుగేళ్ల అబ్బాయిని పిల్లల కోసమే ఏర్పాటు చేసిన ఒక మ్యూజియానికి తీసుకువెళ్లాను. అక్కడ అద్దాల పెట్టెలు లేవు, ముట్టుకోరాదన్న బోర్డులూ లేవు. నీళ్లు పారే బల్లలు, గిలకలు, గాలి గొట్టాలు, బంతులు దొర్లించే వాలు బల్లలు, చెక్క దిమ్మెలు, వీటిలో దేనినైనా పట్టుకుని ఆడుకోవచ్చు. ఎంతో ఆశతో వెళ్లాను. కానీ అబ్బాయి నీళ్ల బల్ల దగ్గరే గంటకు పైగా ఉండిపోయి బట్టలన్నీ తడుపుకున్నాడు. అమ్మాయి ప్రతిదాని దగ్గరా అర నిమిషం ఆగి, మీట నొక్కి, ముందుకు పరుగెత్తింది. నేను ఆమె వెనుకే తిరుగుతూ, గోడ మీద రాసినవన్నీ చదివి, వాటి వెనుక ఉన్న సూత్రాలు చెబుతూనే ఉన్నాను. ఇంటికి వచ్చాక ఏం నేర్చుకున్నావని అడిగితే "బాగుంది" అన్న మాట తప్ప మరేమీ రాలేదు. ఇటువంటి చోట పిల్లలు నిజంగా నేర్చుకుంటారా, లేక ఇది ఖరీదైన ఆటస్థలమేనా? మళ్లీ వెళితే నేను ఎలా మెలగాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

నేను ఇటువంటి మ్యూజియంలో కొన్నేళ్లు పనిచేశాను కనుక ముందుగా మీ అబ్బాయి గురించి చెబుతాను. అతను గంటసేపు ఒకేచోట ఉండడం వృథా కాదండి, ఆ రోజు మీకు దక్కిన గొప్ప ఫలితం అదే. నీళ్లకు చేయి అడ్డం పెడితే మట్టం పెరుగుతుందని, దారి ఇరుకైతే వేగం పెరుగుతుందని, బరువు ఒక పక్కకు చేరితే పడవ ఒరుగుతుందని నాలుగేళ్ల పిల్లవాడు మాటల్లో చెప్పలేడు. అయినా అదే పని ఇరవైసార్లు చేసి, ప్రతిసారీ ఒక్క చిన్న మార్పు చేస్తాడు. ఈసారి వెళ్లినప్పుడు దగ్గర కూర్చుని గమనించండి, ఆ మార్పు మీకే కనిపిస్తుంది.

పిల్లలకంటూ వేరే మ్యూజియం ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో, న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో అటువంటిది 1899లోనే మొదలైంది. అయితే వస్తువులను అద్దాల వెనుక నుంచి తీసి పిల్లల చేతికివ్వడం ఒక పద్ధతిగా స్థిరపడడానికి 1962లో బోస్టన్ పిల్లల మ్యూజియం డైరెక్టరైన మైఖేల్ స్పాక్ చేసిన ప్రయత్నాలు చాలా తోడ్పడ్డాయి. 1969లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే, చేతులతో చేసి చూసే సైన్స్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

ఆ తరువాతి కాలంలో, కుటుంబమంతా కలిసి నేర్చుకోవాలంటే ఎగ్జిబిట్ ఎలా ఉండాలన్నది ఫిలడెల్ఫియా ప్రాంతంలోని నాలుగు సంస్థలు కలిసి పరిశీలించాయి. నలువైపుల నుంచీ చేరుకోగలగాలి, ఒకేసారి చాలా చేతులు పనిచేయగలగాలి, ఫలితం ఒక్కటే కాకూడదు, రాత చిన్నదిగా ఉండాలి అన్నవి వారు గుర్తించిన ముఖ్య లక్షణాలలో ఉన్నాయి. మీరు చెప్పిన నీళ్ల బల్లకు ఇవన్నీ సరిపోతాయి. మీట నొక్కితే దీపం వెలిగే పెట్టెకు ఒకటే ఫలితం, అది అర నిమిషంలో అయిపోతుంది. కాబట్టి మీ అమ్మాయి పరుగెత్తడంలో ఆమె తప్పు కన్నా ఆ పెట్టె తప్పే ఎక్కువ.

రెండవ జవాబు

నేను చిన్న తరగతుల టీచరును. పిల్లల కన్నా ముందు మనం సమాధానం చెప్పేయడం వల్ల జరిగే నష్టాన్ని చూపిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. గొట్టాలతో చేసిన ఒక బొమ్మను బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు ఇచ్చారు. అందులో శబ్దం చేసేది, వెలిగేది, అద్దం దాగినది, ఇలా వేర్వేరు విశేషాలున్నాయి. "ఇది ఇలా పనిచేస్తుంది" అని శబ్దం వచ్చే గొట్టాన్ని ప్రత్యేకంగా చూపించినప్పుడు పిల్లలు దానితోనే ఆడి, మిగతావాటి కోసం తక్కువగా వెతికారు. పెద్దమనిషి అనుకోకుండా ఆ శబ్దాన్ని కనుగొన్నట్టు చూపినప్పుడు మాత్రం ఎక్కువసేపు ఆడి, ఎక్కువ విశేషాలు కనిపెట్టారు. అందుకే నేను పిల్లలతో వెళ్లినప్పుడు మొదటి అయిదు నిమిషాలు నోరు మెదపను. ఇంటికి వచ్చాక "ఏం నేర్చుకున్నావు?" అని అడగను. అది పరీక్షలా వినిపిస్తుంది. "బంతి పక్కకు పోయినప్పుడు నువ్వు ఏం మార్చావు?" అని అడిగితే, చేతులు తిప్పుతూ మొత్తం చెప్పేస్తారు.

మూడవ జవాబు

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, మౌనమే మేలన్న అర్థం తీసుకోవద్దని మనవి. కాలిఫోర్నియాలోని శాన్ హోసే పిల్లల మ్యూజియంలో కుటుంబాలను గమనించి 2001లో ప్రచురించిన పరిశోధనలో, ఎగ్జిబిట్ ఎందుకు అలా పనిచేస్తోందో తల్లిదండ్రులు అమ్మాయిలకన్నా అబ్బాయిలకు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా వివరించినట్టు తేలింది. ఎలా వాడాలో చెప్పడంలో ఆ తేడా లేదు, కారణాలు చెప్పడంలోనే ఉంది. వారెవరూ కావాలని అలా చేసి ఉండరు, అందుకే అది నన్ను కలచివేసింది. మీరు మీ అమ్మాయికి సూత్రాలు చెప్పడానికి శ్రమపడ్డారు, ఆ అలవాటు ఎంతమాత్రం వదులుకోకండి. సమయం మాత్రం మార్చండి. ఆమె చేయి పనిలో ఉండి, అనుకోనిది జరిగి, మీ వైపు తిరిగి చూసినప్పుడు రెండు వాక్యాలు చెబితే చాలు.

నాలుగవ జవాబు

మా బాబు పెద్ద శబ్దాలను భరించలేడు. తలుపులు తెరిచిన వెంటనే, రద్దీ పెరగకముందే వెళతాము. గంటన్నర తరువాత ఎంత బాగున్నా బయటకు వచ్చేస్తాము. ఒక జత పొడి బట్టలు తప్పక తీసుకువెళ్లండి, తడుస్తాడన్న భయం మీకు లేకపోతే నీళ్ల బల్ల దగ్గర మీరు కూడా ప్రశాంతంగా కూర్చోగలుగుతారు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. నేను చెప్పిన సూత్రాలు వినడానికి అమ్మాయి ఎప్పుడూ ఆగలేదని ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తోంది. ఇంకొక్క సందేహం. ఇద్దరి మధ్య అయిదేళ్ల తేడా ఉంది, ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చదు. కలిసి ఆడించడం ఎలా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఎప్పుడూ కలిపి ఉంచాలని పట్టుపట్టకండి. ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే కాసేపు విడిపోవచ్చు. కలిసి ఉన్నప్పుడు అమ్మాయికి ఒక చిక్కు ఇవ్వండి, అబ్బాయిని ఆమెకు సహాయకుడిగా పెట్టండి. పైకి వీచే గాలిలో బంతి తేలే గొట్టం మీరు చూసే ఉంటారు. దానిని మెల్లగా వంచితే బంతి ఎంతవరకు పడకుండా నిలుస్తుందో కనిపెట్టమనండి. గొట్టం వంచడం ఆమె పని, పడిన బంతిని తెచ్చి మళ్లీ గాలిలో వదలడం అతని పని. కొంచెం సేపటికి, ఈసారి నేను వంచుతానని అతనే అడుగుతాడు. అప్పుడు ఎంత వంచాలో అక్కే చెబుతుంది.